వెళ్ళిన వెంటనే ఊడ్వని పిల్ల

ఇలా దగ్గరికి జరగండి. ఫ్యాను చప్పుడులో మాట అందదు. కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే చాప మీద ఇంకొకరికి చోటవుతుంది. ఇది కాంతమణి కథ. రెజిమెంటల్ బజార్‌లో గుండీలూ దారాలూ అమ్ముకునే సోమయ్య లేడూ, ఆయన కూతురు. కంప్యూటర్ల సంగతి వస్తుందని మొహాలు ముడుచుకోకండి. ఈ కథలో కంప్యూటర్ ఎంత ఉందో చీపురూ అంతే ఉంది.

మన ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది కదా, మనిషి గడప దాటిన వెంటనే ఇల్లు ఊడ్వరు. వాళ్ళు సందు మలుపు తిరగాలి, బస్సెక్కాలి, కాసేపు గడవాలి, అప్పుడు చీపురు పట్టుకోవాలి. ఎందుకని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు కసురుకుంటారు తప్ప చెప్పరు. చెప్పడానికి నోరు రాదు మరి. మనిషి వెనకాలే ఇల్లు ఊడ్చేది ఒక్క ప్రయాణానికే.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం చేతుల్లోకి వస్తున్న రోజులవి. కాంతమణికి ఆ పొద్దున పాలిటెక్నిక్‌లో ఆఖరి పరీక్ష. ఇల్లూడ్చే పని తనది. ఆలస్యమైపోతోందని నాయిన చెప్పులేసుకుంటుండగానే చీపురు తీసుకుంది. సోమయ్య అటు గడప దిగాడు, ఇటు ఈ పిల్ల గది మూలనుంచి బరబరా ఊడ్చుకుంటూ వచ్చింది. తల్లి శ్యామలమ్మ వంటింట్లోంచి తొంగిచూసి కోప్పడింది.

"ఏందే, నాయిన ఇంక గల్లీ సుత దాటలే, అప్పుడే చీపురు పట్టినవ్?"

సోమయ్య వాకిట్లోంచే నవ్వాడు. "పోనీ తియ్యే, పిల్లకు పరీక్షున్నది. ఊడ్వనీ."

ఆయన నడిచి వెళ్ళాడు. దుకాణం షట్టరు సగం పైకెత్తాడు, మిగతా సగం ఎత్తలేదు. పక్క దుకాణాలవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి అక్కడే మెట్ల మీద పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. కాంతమణి పరీక్ష రాసి, బాగా రాశానన్న సంతోషంతో ఇంటికొచ్చింది. వాకిట్లో అన్ని చెప్పులెందుకున్నాయో అర్థంకాక, వాటి మధ్యలో కాలు పెట్టుకుంటూ లోపలికి నడిచింది.

మర్నాడు సోమయ్యను తీసుకెళ్ళాక ఇల్లు ఊడ్చి కడగాలి కదా, పక్కింటి వీరరాఘవమ్మ చీపురు కోసం వెతికింది. చీపురు తలుపు వెనక ఉంది, కాంతమణి ఒళ్ళో. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. లాగితే వదల్లేదు, బతిమాలితే పలకలేదు. చివరికి వీరరాఘవమ్మ తన ఇంటినుంచి చీపురు తెచ్చి ఊడ్చింది. గోడవారన బల్ల కింద సోమయ్య ఇంట్లో తొడుక్కునే హవాయి చెప్పులున్నాయి. ఆ రోజు వాటిని కదిలించడానికి ఎవరికీ చెయ్యి రాక చుట్టూ ఊడ్చారు. ఆ తరువాత ఎన్నేళ్ళయినా ఆ ఇంట్లో వాటి చుట్టూనే ఊడ్చారు.

తల్లి ఆ పొద్దుటి మాట మళ్ళీ ఎత్తలేదు. కూతురూ ఎత్తలేదు. ఇద్దరూ ఒక కంచం దగ్గర కూర్చుని తినేవారు, ఒకే దుప్పటి కప్పుకునేవారు, ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా మూడో మనిషిలా ఉండిపోయింది. కాంతమణి ఇల్లూడ్చే వేళ మార్చుకుంది. పాలవాడు వచ్చి వెళ్ళినా సరే, గ్యాసు బండ ఇచ్చినవాడు వెళ్ళినా సరే, చాలాసేపు చీపురు ముట్టుకునేది కాదు.

చదువయ్యి కొన్నేళ్ళు గడిచాక లూకా దగ్గర ఉద్యోగం దొరికింది. లూకా వాళ్ళది గుంటూరు వైపు. వాళ్ళ నాన్న ఇక్కడ మిషను బడిలో పంతులుగా వచ్చి స్థిరపడ్డాడు. లూకా ఒక పెద్ద కంపెనీ వదిలేసి, స్టేషన్ వైపు సందులో ఇస్త్రీ దుకాణం పైన ఒక గది తీసుకుని సొంతంగా మొదలుపెట్టాడు. ఆఫీసంటే లూకా, కాంతమణి, రెండు కంప్యూటర్లు, కిందనుంచి వచ్చే బొగ్గుల వాసన. అంతే.

వాళ్ళకు దొరికిన మొదటి పని మౌలాలి దగ్గర ఒక కంటి దవాఖానది. గోడ మీద ఎర్ర అంకెల బోర్డు పెట్టాలి. ఎవరి నంబరు వెలిగితే వాళ్ళు లోపలికి వెళ్ళాలి. చీటీలిచ్చే కిటికీ దగ్గర ఒక ప్రోగ్రాం, డాక్టరు గదిలో ఒకటి, మందుల దగ్గర ఒకటి. మూడింటికీ కావలసింది ఆ ఒక్క బోర్డే. మూడుచోట్లా అదే పని మళ్ళీ మళ్ళీ రాయడమెందుకని, బోర్డు పనంతా ఒకచోట రాసి మూడింటికీ ఉమ్మడిగా పెట్టారు. అలాంటిదాన్ని వాళ్ళు లైబ్రరీ అంటారు.

అర్థం కాలేదా? నాలుగు వాటాల ఇంట్లో ఉమ్మడి స్నానాలగది అనుకోండి. పొద్దున్నే ముందు లేచినవాళ్ళు గొళ్ళెం తీసి, బొగ్గులేసి బాయిలరు వెలిగిస్తారు. దాన్ని ఇనిషియలైజ్ చెయ్యడం అంటారు. తరువాత వచ్చినవాళ్ళు మళ్ళీ వెలిగించరు, నేనూ వచ్చానని ఒక మాట చెప్పి నీళ్ళు పట్టుకుంటారు. వెళ్ళేవాళ్ళు వెళ్తున్నామని చెప్పి వెళ్ళాలి. ఆఖరున మిగిలినవాళ్ళు నిప్పు ఆర్పి, బూడిద ఎత్తి, గది ఊడ్చి, గొళ్ళెం పెట్టి వెళ్ళాలి. అది క్లీనప్. మధ్యలో ఎవరైనా ఆర్పేస్తే వెనకాలవాళ్ళకు చన్నీళ్ళే. వాళ్ళు రాసేది సి అనే భాషలో. అందులో ఎవరు పరిచింది వాళ్ళే ఎత్తుకోవాలి, వెనకాల వచ్చి సర్దిపెట్టేవాళ్ళు ఉండరు.

వెలిగించడం లూకా రాశాడు. ఊడ్చడం కాంతమణి వాటాకు వచ్చింది.

ఆమె రాసింది చూసి లూకా కుర్చీ ఇటు తిప్పాడు.

"ఇదేంటి కాంతమణీ, ఆఖరివాడు వెళ్ళిపోయాక కూడా ఇది కాసేపు ఊరికే కూర్చుంటోంది?"

"ఎవరన్న ఎన్కకు వస్తరేమో అన్నా. అంతల్నే బోర్డు బంద్ చేస్తే మళ్ళ షురూ చేసుడు లేటయితది."

"నువ్వే నయం. మా ఆవిడ మేబెల్ ఉందే, చుట్టాలు మెట్లు దిగకముందే దిండ్లు దులిపేస్తుంది. వాళ్ళు తలెత్తి చూస్తుంటారు, నాకు సిగ్గేస్తుంది."

కాంతమణి నవ్వింది. చెప్పిన కారణం అబద్ధం కాదు, అలాగని అసలు కారణమూ కాదు. ఆ ఆగడాన్ని రాస్తున్నప్పుడు ఆమె కళ్ళముందు ఉన్నది బోర్డు కాదు, వాకిట్లో నవ్వుతూ నిలబడ్డ మనిషి. వెళ్ళినవాళ్ళు మలుపైనా తిరగాలి కదా, అనుకుంది. అలా కాచుకుని కూర్చుని తరువాత ఊడ్చడానికి లోపల ఒక పనిమనిషిలాంటిదాన్ని పెట్టింది. దానికి వాళ్ళ భాషలో పేరు థ్రెడ్డు. దారాలమ్మినవాడి కూతురు కదా, ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు దుకాణం గుర్తొచ్చేది.

ఆఫీసులో పెట్టి చూస్తే అంతా బాగుంది. దవాఖానలో పెట్టిన రోజు కూడా పొద్దున్నంతా బాగుంది. మధ్యాహ్నం భోజనాల వేళ మూడు ప్రోగ్రాములూ మూసి అందరూ లేచారు. తిరిగొచ్చి తెరిస్తే బోర్డు కదల్లేదు. పొద్దుటి ఆఖరి నంబరు దగ్గరే బిగుసుకుపోయింది. మర్నాడూ అంతే. గుమాస్తా పాతకాలంలోలా గుమ్మంలో నిలబడి పేర్లు కేకలేశాడు. దవాఖాన చూసుకునే రిచర్డ్ గారు నెమ్మదైన మనిషి, గొంతు పెంచకుండానే చెప్పాడు.

"శనివారం దాకా చూస్తాం లూకా గారూ. ఆపైన మీ బోర్డు మీరు తీసుకెళ్ళండి. మా గుమాస్తాకి ఎటూ గొంతుంది."

అది పోతే లూకా గదికి తాళమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

లూకా పగలంతా తవ్వి తవ్వి పట్టుకున్నాడు.

"ఇదిగో చూడు. ఆఖరివాడు వెళ్ళాడు. నువ్వు పెట్టిన మనిషి చీపురు పట్టుకుని లోపల కూర్చుంది. ఈలోగా ప్రోగ్రాం ఏం చేసిందీ, నాకింక ఈ ఇల్లెందుకని లైబ్రరీనే పీకి బయటపడేసింది. ఇక ఊడ్చేద్దామని ఆవిడ లేచేసరికి కాలు పెట్టడానికి నేల లేదు. అక్కడే కూలింది. గొళ్ళెం చూస్తే లోపలివైపు పడి ఉంది. తరవాత వచ్చినవాడు లోపల ఎవరో ఉన్నారనుకుని బయటే నిలబడ్డాడు."

"అంటే తప్పు నాదే గదన్నా."

"తప్పెవరిదైతే ఏంలే. ఆ ఆగడం తీసెయ్. ఆఖరివాడు వెళ్తున్నాననగానే ఊడ్చెయ్యాలి. ఊడ్చాకే వదలాలి. చిన్న పని."

చిన్న పనే. నాలుగు వరుసలు తీసి ఒక వరుస రాయాలి. కాంతమణి ఆ వరుసల దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. కింద ఇస్త్రీపెట్టె తడిబట్ట మీద చుయ్యిమంటోంది. వెళ్తున్నాననగానే ఊడ్చెయ్యాలి. ఆ మాట లూకాకు మామూలు మాట. ఆమెకు మాత్రం వేలు మొద్దుబారిపోయింది. యంత్రం కదా, దీనికేం పట్టింపు అని తనకు తానే చెప్పుకుంది. చెప్పుకున్నా చెయ్యి కదల్లేదు.

అప్పుడేం చేసిందో తెలుసా? ఆగడాన్ని తీసెయ్యలేక ఊడ్చడాన్నే తీసేసింది. ఎవరొచ్చినా ఎవరు పోయినా ఇక ఊడ్చేది లేదు, ఆర్పేది లేదు, గొళ్ళెం పెట్టేదీ లేదు. తరువాత వచ్చినవాడు వెలుగుతున్న బోర్డునే వాడుకునేలా లూకా రాసిన భాగాన్నీ కాస్త సర్దింది. ఇక కూలడానికి లోపల ఎవరూ కాచుకుని లేరు కదా, కూలలేదు. భోజనాల తరువాత బోర్డు చక్కగా కదిలింది.

"అయిందా?" అన్నాడు లూకా.

"అయింది అన్నా," అంది. అతడు గట్టిగా ఊపిరి వదిలాడు. సంతోషంలో కోడ్ తెరిచి చూడలేదు.

శుక్రవారం సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసిరమ్మని లూకా పంపాడు. ఆమె వెళ్ళేసరికి దవాఖాన కట్టేశారు. డాక్టరుగారికి ఏదో అర్జంటు పనిబడి ముందే వెళ్ళిపోయారట. మిగిలినవాళ్ళను రేపు రమ్మని పంపేశారు. బల్లలన్నీ ఖాళీ. వాచ్‌మన్ యేసుదాసు తాళంచెవుల గుత్తి పట్టుకుని ఒక ముసలామె ముందు నిలబడి బతిమాలుతున్నాడు.

"పెద్దమ్మా, డాక్టరు లేడే. ఎన్నిసార్లు చెప్పాలె. జెర లేచి పో."

"నీకేం ఎర్క, నువ్వు తలుపు కాడ ఉంటవ్," అంది ఆమె. "లైటు ఎల్గుతుంది గద. లోపల ఎవరో ఉన్నరు."

ఆమె పేరు కమలాబాయి. మోండా మార్కెట్‌లో ఆకుకూరలు పెట్టుకుంటుంది. ఒక కంటికి ఆపరేషను చేసి పట్టీ కట్టారు, రెండో కంటికి పొర. అంకెలు ఆమెకు కనపడవు. గోడ మీద ఎర్రటి వెలుగు మాత్రం కనపడుతుంది. రేపు రమ్మని గుమాస్తా చెప్పినప్పుడు ఆమె పంపు దగ్గర ఉంది. తిరిగొచ్చి చూస్తే జనం లేరు, వెలుగు ఉంది. వెలుగుంటే పిలుస్తారని, చీటీ గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

కాంతమణి ఆమె పక్కన కూర్చుంది.

"పోదాం పా అమ్మా. అందరు పోయిండ్రు."

"అందరు పోతే గా లైటు ఎందుకు ఎల్గుతుంది బిడ్డా?"

కాంతమణి తలెత్తి బోర్డు వైపు చూసింది. "ఆర్పలే," అంది.

"ఎవరు ఆర్పలే?"

"నేనే ఆర్పలే."

కమలాబాయి కోప్పడలేదు. ఒడిలో పొట్లం సర్దుకుంది.

"ఆర్పి ఉంటె నేను పొద్దుగూకక ముందే ఇంటికి పోదును గదనే," అంది. "మనుమరాలు అన్నం తినకుంట చూస్తుంటది. ఎర్రగ కనవడ్తుంటె ఎట్ల లేవాలె? లేస్తె నా నంబరు పోతది గద."

కాంతమణి ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దించింది. ఆటో మాట్లాడి ఎక్కించి, మార్కెట్ దాకా తనూ కూర్చుని వెళ్ళి, సందు మొదట్లో దించింది. ఆటో కదులుతుంటే వెనక్కి తిరిగి చూసింది. ఆ ముసలామె గోడ పట్టుకుని నడుస్తోంది. కాంతమణికి ఆ క్షణాన ఇంట్లో బల్ల కింది చెప్పులు గుర్తొచ్చాయి. ఏ సాయంత్రమైనా ఇంటికి రాగానే తన కళ్ళు ముందు అటే వెళ్తాయి. రబ్బరు పట్టీ తెగిపోయి, రంగు వెలిసి, ఉన్నచోటే ఉంటాయి. లోపల ఎవరో ఉన్నట్టే ఉంటాయి. ఇన్నేళ్ళూ తను లేవకుండా కూర్చున్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చింది. శ్యామలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కాంతమణి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని తనూ రెండు కాయలు తీసుకుంది.

"అమ్మా, నాయిన పోయిన దినం నేను ఊడ్చిన."

శ్యామలమ్మ చేతులు ఆగాయి. మళ్ళీ ఒలవసాగాయి.

"యాదున్నది."

"నన్ను ఎన్నడు ఒక్క మాట అనకపోతివి."

"అంటే ఏమొస్తది? నువ్వు మాత్రం ఏం జేస్తువు, చిన్న పిల్లవు."

"నీకు కోపం రాలేదా?"

తల్లి ఒలిచిన గింజలు పక్కకు జరిపింది. ఏ తల్లి అయినా అప్పుడు లేదు బిడ్డా అనేస్తుంది. శ్యామలమ్మ అబద్ధం చెప్పలేకపోయింది.

"వచ్చింది. కొన్ని దినాలు నీ మొకం చూడ బుద్ధి కాకపోయేది. చీపురు సప్పుడు ఇంటె లేచి వాకిట్లకు పోయేదాన్ని. ఆ ఎన్క ఆ కోపం ఎప్పుడు పోయిందో నాకే ఎర్కలేదు. పోయిందని నీకు చెప్పాలె గదా, అది చెప్పకపోతి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎట్ల చెప్పాలె? చెప్పాలంటే వచ్చిందని సుత చెప్పాలె గద."

ఇద్దరూ ఏడ్చారు. గట్టిగా కాదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఏడ్చారు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైపోయింది.

శనివారం పొద్దున్నే లూకా వచ్చేసరికి కాంతమణి ఆఫీసులో ఉంది. జరిగింది చెప్పింది. ఊడ్చడం తీసేశానని, అయిందని అబద్ధమాడానని, కమలాబాయి సంగతి, నాయిన సంగతి, అన్నీ. లూకా కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"ఆ రోజు నేను ఊరికే ఊడ్చెయ్ ఊడ్చెయ్ అంటుంటే నీకెలా ఉందో," అన్నాడు. "చెప్తే నేనే రాసేవాణ్ణి కదమ్మా. ఇప్పుడైనా లే, నేను రాస్తాను."

"వద్దు అన్నా. నా వాటా గద."

ఆగే మనిషిని తీసేసింది. ఆఖరివాడు వెళ్తున్నాననగానే బోర్డు ఆర్పాలి, బోర్డుకు పట్టుకున్న తీగ వదలాలి, గొళ్ళెం సరిగ్గా పెట్టాలి, ఇదంతా అయ్యాకే వాణ్ణి గడప దాటనివ్వాలి. అలా రాసింది. ఆఫీసులో పరీక్షకని గోడకు ఆనించిన చిన్న బోర్డు మీద చూశారు. ఒక ప్రోగ్రాం మూసింది, బోర్డు వెలుగుతూనే ఉంది. రెండోది మూసింది, ఇంకా వెలుగుతూనే ఉంది. మూడోదాన్ని మూసేముందు ఆమె ఒకసారి వెనక్కి తిరిగి బోర్డు చూసుకుంది. లూకా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మూసింది. ఎర్రటి అంకె అలాగే, ఏ చప్పుడూ లేకుండా, ఆరిపోయింది.

మళ్ళీ తెరిస్తే మళ్ళీ వెలిగింది. మధ్యాహ్నం దవాఖానలో భోజనాల వేళ ఆరి, తరువాత వెలిగి, సాయంత్రం ఆఖరి మనిషితోపాటు ఆరింది. రిచర్డ్ గారు తల ఊపాడు. లూకా గదికి తాళం పడలేదు. కమలాబాయి ఆ రోజు కట్టు విప్పించుకుని, బోర్డు ఆరకముందే ఇంటికి వెళ్ళిపోయిందట, యేసుదాసు చెప్పాడు. అందరికీ సంతోషమే. కాంతమణి కూడా నవ్వింది, మేబెల్ పంపిన కేకు ముక్క తింది.

మర్నాడు ఆదివారం. ఎండ వాకిట్లోకి వచ్చేదాకా కూర్చుని, కాంతమణి చీపురు తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఒక చెప్పు, తరువాత రెండో చెప్పు, నెమ్మదిగా పైకెత్తింది. గచ్చు ఇన్నేళ్ళ తుడుపుళ్ళకు వెలిసిపోయింది కానీ, వాటి కింద మాత్రం పాత ఎరుపు రంగు అలాగే ఉంది. రెండు అడుగులు. ఎవరో ఇప్పుడే అక్కడ నిలబడి లేచి వెళ్ళినట్టుంది. శ్యామలమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని చూస్తోంది. ఊడ్వమనలేదు, వద్దనలేదు.

"నాయినా, నువ్వు పోయి చానా సేపయింది," అంది కాంతమణి. ఆ అడుగుల మీదుగా ఊడ్చింది. దుమ్ము వచ్చింది, అడుగులు పోలేదు. రంగు కదా, ఊడిస్తే పోతుందా? ఆ చెప్పులను పాత కాగితంలో చుట్టి తల్లి చేతికిచ్చింది, తల్లి గుండెలకు ఆనించుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఖాళీ బల్ల కింద ఆ రెండు ఎర్రటి అడుగులు ఇప్పటికీ ఉన్నాయి.

కాంతమణి ఇప్పటికీ ఎవరైనా గడప దాటితే వెంటనే చీపురు పట్టదు. మలుపు తిరిగేదాకా చూస్తుంది. బతికున్నవాళ్ళకు ఆ మర్యాద ఉండాల్సిందే అంటుంది. యంత్రం సంగతి వేరు, అది ఆర్పి వెళ్ళాలి, లేకపోతే ఎవరో ఒకరు చీటీ పట్టుకుని కూర్చుంటారు.

ఇక లేవండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. ఈ కథ మనసులో పెట్టుకోండి. రేపు మీ పక్కన ఎవరైనా ఎప్పుడో వెళ్ళినవాళ్ళ కోసం దీపం ఆర్పకుండా కూర్చుని ఉంటే, వాళ్ళకు ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు తొందరపడకండి, కమలాబాయిని మరిచిపోకండి, ఆ తల్లి కోపం వచ్చిందని ఒప్పుకున్న మాటను మాత్రం అస్సలు దాచకండి.